హానా పక్కన కాఫీ డబ్బా

పార్కులో గడ్డికోత యంత్రం పట్టని చోట డెల్బర్ట్ మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరతో గడ్డి కత్తిరిస్తున్నాడు. పాత సమాధి చుట్టూ ఉన్న ఇనప కమ్మీల మధ్యకి చెయ్యి దూర్చినప్పుడల్లా చొక్కాకి తుప్పు అంటుకుంటోంది. అవతల ఉయ్యాలల దగ్గర పిల్లలు గోల చేస్తున్నారు. కమ్మీల లోపలి రాతిపలక మీద అక్షరాలు సగం అరిగిపోయాయి: ‘హానా, ఆమె పసికందు.’ జనం బళ్ళు కట్టుకుని అమెరికా నడిమధ్యనున్న ఈ నెబ్రాస్కాకి వలస వచ్చిన రోజుల్లో మా ఊరి నేల మీద మొదట కాపురం పెట్టిందీ, మొదట పోయిందీ ఆవిడే. తర్వాత చుట్టూ పార్కు వేశారు కానీ సమాధిని కదపలేదు.

పార్కు పనిలోంచి డెల్బర్ట్ ఎప్పుడో రిటైరయ్యాడు. అయినా ఇక్కడి గడ్డిని ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు, మొండిఘటం.

అతని కూతురు చనిపోయి పుట్టింది. ఆ రోజుల్లో అలాంటి బిడ్డల్ని తల్లికి చూపించేవాళ్ళు కాదు. ఆసుపత్రివాళ్ళే ఎక్కడో పూడ్చారు. ఎక్కడని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మే నెలాఖరున, పోయినవాళ్ళని తలుచుకునే రోజున, ఊరంతా తమవాళ్ళ సమాధులకి పూలు తీసుకెళ్తుంటే, అతని భార్య ఆర్లీన్ కాఫీ డబ్బాలో తన పెరటి పియోనీ పూలు పెట్టుకుని ఇక్కడికొచ్చేది.

“ఎలాగూ ఒక బిడ్డని ఎత్తుకునే ఉందిగా. మనదాన్నీ చూసుకుంటుందిలే,” అనేది.

మొన్న చలికాలంలో ఆర్లీన్ పోయింది.

పియోనీలు ఆ రోజుదాకా ఆగవు, ముందే పూసి రాలిపోతాయి. అందుకే ఆవిడ మొగ్గలు కోసి, వార్తాపత్రికలో చుట్టి ఫ్రిజ్‌లో దాచేది. ఈసారి డెల్బర్ట్ అలాగే దాచి, నిన్న తీసి అదే డబ్బాలో నీళ్ళు పోసి పెట్టి, ఇవాళ ఇక్కడికి తెచ్చాడు.

పక్కింటి మార్లిస్ శ్మశానానికి వెళ్తూ ఆగింది.

“ఏమయ్యా, ఇవి పువ్వులా, గోళీలా?”

“విచ్చుకుంటాయిలే.”

ఆమె ఒక మొగ్గని నొక్కి చూసింది. నవ్వు ఆగిపోయింది. “నొక్కితే మెత్తబడ్డాక కొయ్యాలి డెల్బర్ట్. ఇవి మరీ పచ్చివి. ఇక విచ్చుకోవు.”

“మొగ్గలప్పుడే కొయ్యమనేది. ఎంత మొగ్గో చెప్పలేదు.”

“మా పెరట్లోవి తెస్తానుండు.”

“వద్దు. ఆర్లీన్ పెంచిన మొక్కవే పెట్టాలి.” డబ్బాని దగ్గరికి లాక్కున్నాడు. “ఒక్కటి విచ్చుకున్నా చాలు. కాసేపు చూస్తాను.”

డబ్బాని పలకకి ఆనించి, ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు.

మార్లిస్ మాట వినలేదు. సాయంత్రం తన పెరట్లోని పువ్వులు పట్టుకుని వచ్చింది. డెల్బర్ట్ తల వాల్చుకుని ఉన్నాడు, టోపీ ఒళ్ళో ఉంది. పిలిచింది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. తెచ్చిన పువ్వులు అక్కడే పడేసి ఏడ్చింది పాపం.

అతన్ని ఆర్లీన్ పక్కన పెట్టారు. పార్కులోని డబ్బా తీసెయ్యడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. హానా పలక కింద అది అలాగే ఉంది, విచ్చుకోకుండానే నల్లబడిన మొగ్గలతో.