ఏడో హోల్ నడిమధ్య ఇసుక గుంట

ఆ గోల్ఫ్ మైదానానికి నమూనా గీసింది తమ్ముడు. అందులో ఏడో హోల్‌ని పాడు చేయడానికి నడుం కట్టుకున్నది సొంత బావగారు. మధ్యలో నలిగిపోయింది అక్క కాదు, తమ్ముడే.

ఏడో హోల్‌లో, మంచి దెబ్బ కొడితే బంతి సరిగ్గా వాలే చోట ఒక ఇసుక గుంట ఉంది. ఎడమ నుంచి పోతే చెరువు గట్టు, ఇరుకు దారి. బతికి బయటపడితే మాత్రం బంతి వేయాల్సిన కన్నం, దాని మీది జెండా ఎదురుగానే. కుడివైపు బోలెడంత చోటు, కానీ అక్కణ్ణుంచి జెండాకి మిట్ట అడ్డం. ఇరవై రెండేళ్లుగా ఆడేవాళ్లంతా అక్కడ కర్రలు పట్టుకు నిలబడి, తలో మాటా అనుకుని, కాసేపు అలిగి మరీ కొట్టేవారు. తమ్ముడికి ఆ గుంటంటే ప్రాణం.

బావగారు లిఫ్టుల ఇంజినీరుగా రిటైరయ్యారు. ఆయన ఆటా లిఫ్టులాంటిదే, నేరుగా పోవడం, ఆగడం. నేరుగా కొట్టినవాడికి శిక్షేమిటి, గుంట పూడ్చేయండని అర్జీ రాసి, నలభై సంతకాలు పోగుచేశారు. కమిటీ వాళ్లు ముందు వారం రోజులు గుంట మీద చెక్కలు వేసి పచ్చిక పరిచి చూద్దాం, పూడ్చేదీ లేనిదీ తర్వాత తేల్చుకుందాం అన్నారు.

తమ్ముడు దగ్గరుండి పచ్చిక పరిపించాడు. అసలు సంగతి నోటి దాకా వచ్చింది కానీ దిగమింగుకున్నాడు. నమూనా గీసే రోజుల్లో అక్క ఆ కాగితాల మీదికి వంగి ఒక మాట అడిగింది.

"మీ బావ ఆడొస్తారు, తింటారు, పడుకుంటారు. ఎలా ఆడారంటే బాగానే అంటారు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా? ఆయన బంతి పడే చోట ఏదో ఒకటి పెట్టరా, ఇంటికొచ్చి నాతో పోట్లాడేలా."

తమ్ముడు పెన్సిలుతో అక్కడే ఒక సున్నా చుట్టాడు. ఎవరికీ చెప్పొద్దని అక్క మాట తీసుకుంది.

జన్మలో కర్ర పట్టని అక్క ఆనాటి నుంచీ భోజనాల బల్ల మీదే ఏడో హోల్ ఆడింది. ఉప్పు డబ్బా ఇసుక గుంట, నీళ్ల గ్లాసు చెరువు, చెంచా బావగారు. మీకు ధైర్యం చాలక కుడివైపు పోయారని ఆవిడ, నీకేం తెలుసని ఆయన. పక్కింట్లో ఉండే తమ్ముడు ఆ రభస వింటూ హాయిగా కాఫీ తాగేవాడు.

ఆ వారం బావగారు పుట్టి బుద్ధెరిగాక ఆడనంత బాగా ఆడారు. ఏడో హోల్ దగ్గర ఎవరూ ఆగడం లేదు, కొట్టి నడిచిపోతున్నారు. మధ్యాహ్నం అక్కయ్య ఇంట్లోంచి గరిటె చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. తమ్ముడికి దిగులు పట్టుకుంది. గుంట పోతే పోయింది, ఇంకోటి తవ్వుకోవచ్చు, ఆ ఇంట్లో మాటే పోతోంది.

వారం తిరిగాక కమిటీ మీటింగుకి, గుంట ఉంచాలంటూ నాలుగు పేజీలు రాసుకెళ్లాడు. కాగితం విప్పేలోగా బావగారు లేచారు.

"నా సంతకం కొట్టేయండి."

ఏమైందని అందరూ అటు తిరిగారు. ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు.

"నేరుగా కొట్టాను, నేరుగా ఇంటికెళ్లాను. ఎలా ఆడారని మా ఆవిడ అడిగింది. బాగానే అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. వారం రోజులుగా చెరో కంచం చూసుకుంటూ కూర్చుంటున్నాం. నాకు మాటలు రావండీ. ఆ గుంట ఉంటే వస్తాయి."

తమ్ముడు ఆ నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు కమిటీ వాళ్లు గుంట మీది పచ్చికా చెక్కలూ తీయించారు. బావగారు ఎడమకి కొట్టి, బంతిని చెరువులో పారేసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని భోజనానికొచ్చారు. అక్క ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా ఉప్పు డబ్బాని బల్ల మధ్యకి జరిపింది.

బావగారు చెంచా అందుకున్నారు.