చెల్లెలి మీద వాదన

ఆ చర్చి బడిలో చిన్నపిల్లలు లాటిన్ వల్లె వేసేవారు, పై తరగతుల వాళ్లు తర్కం నేర్చేవారు, చివరి తరగతి వాళ్లు నలుగురి ముందు నిలబడి వాదించడం నేర్చేవారు. అక్కాచెల్లెళ్లిద్దరు అక్కడే హాస్టల్లో ఉండి చదివేవారు. చివరి తరగతిలో అక్కను మించిన మాటకారి లేదు. చెల్లెలికి మాత్రం లాటిన్ ఎంతకీ కొరుకుడు పడలేదు.

ఒకరోజు ప్రార్థన ముగిశాక, బడి పెద్ద అయిన ఫాదర్ అక్కను వేదిక మీదికి పిలిచారు.

"నీ చెల్లెల్ని ఈ బడిలో ఉంచకూడదని వాదించు. ఇచ్చిన పక్షం ఏదైనా సరే, నెగ్గేలా మాట్లాడాలి. అదీ చదువంటే."

ఉత్త అభ్యాసమే అనుకుంది అక్క. మొదట ఆచితూచి మాట్లాడింది గానీ, ముందు వరుసల వాళ్లు నవ్వేసరికి ఊపొచ్చింది. చెల్లెలు దుప్పట్లో దూరి ఏడవడం, బైబిలు వాక్యాలు అర్థం తెలియకుండానే అప్పజెప్పడం, దేవుడికి తనంటే ఇష్టం లేదేమోనని చెవిలో అడగడం, అన్నీ బయటపెట్టేసింది. హాలు చప్పట్లతో మారుమోగింది.

ఫాదర్ చెల్లెలి వైపు తిరిగి, "వెళ్లి సామాను సర్దుకోమ్మా," అన్నారు.

అక్క ఒక్క ఉదుటున వేదిక దిగింది. "ఫాదర్, ఊరికే వాదించమన్నారనుకున్నానండీ!"

"నీ వాదనలో తప్పుంటే చూపించు. ఇక్కడే ఉంచేస్తాను."

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అంత పకడ్బందీగా కట్టింది మరి.

హాస్టల్ గదిలో చెల్లెలు గౌన్లు మడతపెడుతోంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"చాలా బాగా మాట్లాడావక్కా," అంది చెల్లెలు తలెత్తకుండా. "నాకే నిజమేననిపించింది."

పెట్టె మూత పడకపోతే, అక్కే లోపలికొచ్చి మోకాలితో నొక్కి పట్టింది. చెల్లెలు గొళ్లెం పెట్టింది.