దూలయ్య పాస్టరు సంచి

దూలయ్య పాస్టరు సైకిలు హ్యాండిలుకు ఖాళీ సంచి తగిలించి, వాగు దాటడానికి ప్యాంటు అంచులు పైకి మడుస్తున్నాడు. ఆయన భార్య పున్నమ్మ గడపలో నిలబడి చూస్తోంది. ఆయన పొట్టి మనిషి. ఎండకు కమిలిన మెడ, కాలరు దగ్గర రెండుసార్లు కుట్టిన తెల్లచొక్కా, పగుళ్లు పడ్డ మడమలు. సంతలో నిలబడితే పాస్టరని ఎవరూ అనుకోరు. వాక్యం చెప్పేటప్పుడూ గొంతు లేవదు. అయినా ఆయన్ని చూస్తే పున్నమ్మకు ఇప్పటికీ గర్వమే.

వాళ్ల పెళ్లయిన కొత్తలో, జ్వరాల కాలంలో, గూడెం నుంచి వచ్చిన ఒక తల్లి బిడ్డను దవాఖానాలో చేర్చి, తాను తిండిలేక వరండాలో సొమ్మసిల్లింది. ఆ రోజే ఆయన నియమం పెట్టాడు. ఎసట్లో పోసేముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం డబ్బాలో వెయ్యాలి. పొయ్యి వెలగని ఇంటి గింజ మాత్రం ముట్టకూడదు. మొదట్లో ఆడవాళ్లు నూకలూ పురుగుబియ్యమూ వేశారు. ఆయన అవే వండించుకుని తిన్నాడు. వాళ్లలో గంగక్క సిగ్గుపడి మర్నాడే మంచి బియ్యం తెచ్చింది. ఇప్పుడు చర్చి మొహం చూడని ఇళ్లలోనూ ఆ డబ్బా ఉంది. ఆయన సంచితో ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తాడు. దవాఖానా వెనక రేకుల షెడ్డులో, రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం రోజూ అన్నం ఉడుకుతుంది. తినేవాళ్లను ఏ దేవుడికి మొక్కుతారని అడగరు.

"ఛాతీల నొస్తుందంటివి గదా, ఇయ్యాల పండుకోరాదు" అంది పున్నమ్మ.

"రేపటికి షెడ్డుల గింజ లేదు. జల్దీ వస్త."

మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. సంచి అడుగు కూడా నిండలేదు. నులకమంచం మీద వాలి, నీళ్లడిగి, సగం తాగి గ్లాసు ఆమెకిచ్చాడు. "రేపు పొయ్యి..." అన్నాడు. ఆ మాటతోనే పోయాడు.

ఆయన తమ్ముడు మధిర నుంచి మర్నాడు రావాలి, అప్పటిదాకా శవం ఇంట్లోనే. వీధిలో శవం ఉన్నంతసేపు ఏ ఇంటా పొయ్యి ముట్టించరు. ఊరి ఆడవాళ్లంతా నిప్పులార్పి వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఏడుస్తున్న పున్నమ్మకు చప్పున తట్టింది. వంట లేకపోతే పిడికెడూ లేదు. రేపు షెడ్డులో అందరూ పస్తే.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. "పోయి పొయ్యిలు ముట్టియ్యిన్రి."

"శవముండంగ ఎట్లమ్మా?" అంది గంగక్క.

"ఆయన పోయిన తెల్లారే ఆకలిగొన్నోళ్లు ఉత్తచేతుల్తోని తిరిగిపోతె, గది మర్యాదనా?"

ఎవరూ కదల్లేదు. పున్నమ్మ తానే లోపలికెళ్లి పొయ్యి ముట్టించింది. పిడికెడు బియ్యం డబ్బాలో వేసి ఎసరు పెట్టింది. ఆ ఇంటి కప్పుమీద పొగ లేవడం చూసి గంగక్క లేచింది. ఆమె వెనక మిగతావాళ్లూ లేచారు.

పొద్దుగూకే వేళకు డబ్బాలు ఒకటొకటిగా వచ్చాయి. వాగవతలి గూడెం నుంచి కూడా తెచ్చారు. అన్నీ సైకిలుకున్న ఆయన సంచిలోనే పోశారు. పున్నమ్మ ఏడుస్తూనే తలెత్తి, తన భర్త ఎంత పెద్ద మనిషో ఈ రోజు ఊరంతా చూసిందనుకుంది.

గోడకు ఆనించిన ఆయన సైకిలు, నిండిన సంచి బరువుకు హ్యాండిలు ఒక పక్కకు తిరిగి, అలాగే నిలబడి ఉంది.