కొండ దగ్గింది

ఆ లోయను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. లోతు చూసి కాదు, లోతుకేం, లోయలన్నీ లోతుగానే ఉంటాయి. ఈ లోయ గొప్పతనం పలకడంలో ఉంది. ఇవతల రెయిలింగు దగ్గర నిలబడి ఒక కేక వేస్తే అవతలి కొండ ఆ మాటనే తిరిగి అప్పగించేది. అందుకే దానికి పలికే కొండ అని పేరు. అయితే అదంతా ఒకప్పటి మాట. ఒక వానాకాలం అవతలి చరియ సగం విరిగి లోయలో పడింది, కొండకు నోరు పడిపోయింది. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ పెదవి విప్పరు. కొండ మూగదైపోయిందని బయటికి పొక్కితే, గదులు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర్నుంచి టీ కాచేవాళ్ళ దాకా అందరి నోట్లో మట్టే కదా!

మరి చరియ విరిగాక పలుకుతున్నదెవరు? పెద్దోడు.

పెద్దోడు, చిన్నోడు అన్నదమ్ములు. తలలు నెరిసినా ఊరికి వాళ్ళు పెద్దోడు, చిన్నోడే. మొదట్లో గైడు పెద్దోడే, చిన్నోడు వెనకాల టిక్కెట్లు చింపేవాడు. ఇద్దరి గొంతూ ఒక్కటే. ఫోన్లో వదిన కూడా పొరబడి, "రాత్రికి కూరేం చెయ్యమంటారు?" అని మరిదిని అడిగేసి నాలిక కరుచుకునేది. చరియ విరిగిన వారంలో పెద్దోడే అన్నాడు.

"నీది నవ్వుమొహంరా. జనం ముందు నువ్వుండు. నేను అవతల కూర్చుని పలుకుతాలే."

చిన్నోడు వద్దు వద్దని పైకి అన్నాడు గానీ, లోపల తెగ సంబరపడ్డాడు. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గేస్తుంది.

అలా కుదిరింది ఏర్పాటు. పెద్దోడి ఇల్లు లోయకు అవతలే కాబట్టి పైదారిన వచ్చి, చరియ మీద బండ వెనకాల కూర్చునేవాడు. బండ సందులోంచి అతనికి రెయిలింగు కనిపిస్తుంది, రెయిలింగు దగ్గరివాళ్ళకు అతను కనిపించడు. చిన్నోడు చెయ్యెత్తి కేక వేస్తాడు. మొదట "ఓహో", తర్వాత "బాగున్నావా", చివర "మళ్ళీ వస్తాం". జనం అరవకూడదు, కొండకు కొత్త గొంతులంటే బెరుకని ఒక కథ కూడా అల్లిపెట్టాడు. ఏళ్ళ తరబడి కొండ చక్కగా పలికింది.

పోయిన ఎండాకాలం కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. పెళ్ళికొడుకు చిన్నోడి చెవిలో ఏదో ఊది, భార్య ముద్దుపేరు పిలవమని బతిమాలాడు. చిన్నోడు కాదనలేకపోయాడు. రెండో కేక మార్చి, చెయ్యెత్తి "బుజ్జీ" అని అరిచాడు.

"బాగున్నావా...!" అంది కొండ.

పెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది. పెళ్ళికొడుకు మొహం ఎర్రబడింది. "ఎవడయ్యా వాడు? నా పెళ్ళాన్ని బాగున్నావా అంటాడేంటి?" అని మీదికొచ్చాడు. జనం పగలబడి నవ్వారు. కొందరు ఫోన్లు పైకెత్తారు. చిన్నోడికి తల తీసేసినట్టయింది.

ఏదో సర్దిచెప్పి వాళ్ళను పంపించి, లోయ మీది వంతెన దాటి ఒక్క ఉరుకున చరియ ఎక్కాడు. పెద్దోడు బండకు ఆనుకుని అన్నం తింటున్నాడు.

"చెవుల్లో ఏం పెట్టుకు కూర్చున్నావు? పరువంతా తీశావు! చెవిటి కొండ ఎవడిక్కావాలి? రేపట్నుంచి రావద్దు, ఇంట్లో పడుండు. నీతో నాకేం అవసరం లేదు!"

పెద్దోడు ముద్ద చేతిలో పట్టుకుని, తమ్ముడి మొహంలోకి చూసి, నవ్వి తలూపాడు. తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తలూపడమే చిన్నోడి కడుపులో ముల్లులా ఉండిపోయింది.

మర్నాటికే ఒక స్పీకరు కొన్నాడు. మూడు కేకలూ తన గొంతుతోనే అందులో ఎక్కించాడు. పొద్దున్నే వెళ్ళి అవతల వంతెన పక్క పొదలో దాన్ని పెట్టి వచ్చేవాడు, సాయంత్రం తెచ్చుకునేవాడు. జేబులో రిమోటు నొక్కితే చాలు, కొండ పలికేది. ఒకటే లోపం, శబ్దం రెండు పొరలుగా వచ్చేది. "కొండకి రెండు గొంతులున్నాయే!" అని జనం ముచ్చటపడేవారు. చిన్నోడికి మాత్రం చిరాకు. కొట్టువాణ్ణి నానా మాటలూ అని స్పీకరు మార్పించాడు. కొత్తదీ అంతే. కొట్టువాడు దండం పెట్టి, "మహానుభావా, ఇంకో కొట్టు చూసుకో" అన్నాడు.

అన్నయ్య వాటా మాత్రం ఎప్పటిలాగే భార్యతో వదినకు పంపిస్తూనే ఉన్నాడు. తనుగా వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

"ఒక్కసారి వెళ్ళి మాట్లాడి రండి. సొంత అన్నేగా, కొరుకుతాడా?" అనేది భార్య.

"రేపు వెళ్తాలే."

ఆ రేపు వానలు మొదలైనా రాలేదు. ఒకసారి బజార్లో వదిన ఎదురైంది. తప్పించుకునే సందు లేక, "అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడా?" అన్నాడు నేల చూస్తూ.

"పగలు ఇంట్లో ఎక్కడుంటారు? పనికెళ్ళారు" అంది ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఓహో, వేరే పని చూసుకున్నాడన్నమాట! చిన్నోడి మనసు కాస్త తేలికపడింది. వెంటనే ఉక్రోషం కూడా వచ్చింది. నాకు చెప్పకుండానా? మనిషి బుద్ధి ఎంత విడ్డూరమో చూడండి. పొమ్మన్నది తనే, పోయాడని అలిగిందీ తనే.

వానలు తెరిపిచ్చిన రోజు పొద్దున్నే బస్సు నిండా జనం దిగారు. చిన్నోడు హడావుడిగా పరుగెత్తుకొచ్చి రెయిలింగు దగ్గర కథ మొదలుపెట్టాడు. చరియ చూపించాడు, అందర్నీ ఊరుకోబెట్టాడు. చెయ్యెత్తి, "ఓహో...!" అని కేక వేసి, రెండో చెయ్యి జేబులో పెట్టాడు.

రిమోటు లేదు. స్పీకరూ రిమోటూ రెండూ ఇంట్లో చార్జింగు దగ్గరే ఉండిపోయాయి. ఇవాళ పొద దగ్గరికి వెళ్ళనే లేదు.

"ఓహో...!" అంది కొండ.

చిన్నోడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వానలకు చరియ మళ్ళీ సర్దుకుందా? కొండకు నోరొచ్చిందా? ఒళ్ళు పులకరించింది.

అప్పుడు కొండ దగ్గింది.

ఖళ్ళు ఖళ్ళుమని దగ్గి, గొంతు సవరించుకుంది. "పాపం, వానలో నానింది కదా, జలుబు చేసినట్టుంది" అంది బస్సులోంచి దిగిన ఒక ముసలావిడ. అందరూ నవ్వారు. చిన్నోడికి ఆ దగ్గు తెలుసు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకుని విన్న దగ్గు అది. ఇన్నాళ్ళూ రెండో పొర ఏమిటో, వదిన చెప్పిన పని ఏమిటో ఒక్కసారిగా అర్థమైంది. ఆ రోజు తను తిట్టిన తిట్లలో ఒక్కటీ అన్నయ్య చెవిన పడలేదు! పక్కన స్పీకరు అరుస్తున్నా తెలియలేదు. చెయ్యెత్తడం చూసి, వరస తప్పకుండా పలుకుతూ, రోజూ ఇక్కడే ఉన్నాడు.

"ఇప్పుడే వస్తా, కదలకండి" అని వంతెన మీదికి పరుగు తీశాడు.

పెద్దోడు బండ సందులో కన్ను పెట్టి, రెండో కేక ఇంకా రాలేదేమని వెతుక్కుంటున్నాడు. భుజాన తడిసిన తువ్వాలు. చిన్నోడు అతన్ని తనవైపు తిప్పుకున్నాడు. వినిపించాలంటే అరవాలి. ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"అన్నయ్యా...! తప్పు నాదే! నన్ను క్షమించు...!"

ఆ మాట లోయ దాటి వెళ్ళింది. రెయిలింగు దగ్గర జనం స్పష్టంగా విన్నారు. "అరె, కొండకో అన్నయ్య కూడా ఉన్నాడంట!" అని చప్పట్లు కొట్టారు. అందరూ విన్నారు, వినాల్సిన ఒక్కడు తప్ప.

పెద్దోడు అంతలా తెరుచుకున్న తమ్ముడి నోరు చూసి, కంగారుగా మూశాడు. "ఎందుకురా అలా అరుస్తావు? అవతల జనం ఉన్నారు! గుట్టు బయటపడితే నీ బతుకేమవుతుంది?" అని గుసగుసలాడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మాట కప్పిపుచ్చడానికి లోయలోకి తిరిగాడు.

"బాగున్నావా...!"

"బాగున్నాం...!" అన్నారు జనం.

"ఇంకొకటి మిగిలింది, పరిగెత్తు. నువ్వు చెయ్యెత్తకపోతే నాకెలా తెలుస్తుందిరా?" అంటూ పెద్దోడు అతని వీపు మీద తట్టి తోశాడు. చిన్నోడు దండం పెట్టాడు, ఏడ్చాడు. కొమ్మల మీంచి రాలిన చినుకు అనుకున్నాడో ఏమో, పెద్దోడు తువ్వాలుతో అతని మొహం తుడిచి మళ్ళీ తోశాడు.

చిన్నోడు రెయిలింగు దగ్గరికి తిరిగొచ్చాడు. జనం ఊపిరి బిగబట్టారు. చెయ్యెత్తాడు. కేక వేద్దామని నోరు తెరిస్తే ఒక్క అక్షరం పెగల్లేదు.

"మళ్ళీ వస్తాం...!" అంది కొండ.

"అదేంటి, మీరేం అనలేదుగా?" అంది ముసలావిడ.

చిన్నోడు చరియవైపే చూస్తున్నాడు. ఎత్తిన చెయ్యి దించితే అన్నయ్య పని అయిపోయిందనుకుని లేచి వెళ్ళిపోతాడు. అందుకని అలాగే నిలబడ్డాడు.