తడి అట్ట వాసన

నేలమాళిగలో దీపం వేసి, రెండు రోజుల క్రితం నిలబెట్టిన సీసాలను ఆయన వంగి చూశాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన వైను ముప్పయ్యేళ్ళుగా అడ్డంగా పడుకునే ఉంది. తాగబోయే ముందు నిలబెడితే మడ్డి అడుక్కు దిగుతుంది. దిగింది. నాలుగు బోర్డో రకం, రెండు బర్గండీ రకం. చంటిబిడ్డల్ని ఎత్తినట్టు ఎత్తి బుట్టలో పెట్టుకున్నాడు. ఒక్కసారి కుదిపితే రెండు రోజుల ఓపికా దండగే.

పనిచేసే వైను దుకాణంలో అందరూ ఆయన్ని ముక్కుగారనే పిలుస్తారు. పొట్టి మనిషి. బిరడాలు లాగి లాగి వేళ్ళు కాయలు కాశాయి. దేవుడు ఎత్తు ఇవ్వలేదు, మాటకారితనం ఇవ్వలేదు, వాటికి బదులు ముక్కు ఇచ్చాడు. బేరం నష్టమేమీ కాదు. బిరడా పాడై వైను చెడితే, గ్లాసు ముఖం దాకా రాకముందే చెప్పేసేవాడు. ఆ ఒక్క గుణం మీద ముప్పై ఒక్క ఏళ్ళు నెట్టుకొచ్చాడు.

చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది.

ఇవాళ పొద్దున పొయ్యి మీద పాలు మాడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. భార్య పరుగెత్తుకొచ్చింది.

“ఇల్లంతా కంపు కొడుతుంటే కదలరేం మహానుభావా!” అంటూ గిన్నె దించింది. తర్వాత గొంతు తగ్గించి, “ఇంకా రెండేళ్ళుంది మీ ఉద్యోగం. ఆ తర్వాత ఊరంతా చాటుకోండి. అందాకా నోరు విప్పకండి” అంది.

మూడు నెలలుగా విప్పలేదు. బిరడా రంగు చూసి, వైను అంచు ఎంత ఇటుక రంగుకు తిరిగిందో చూసి, ఎదుటివాళ్ళ ముఖం చూసి తల ఊపుతున్నాడు. ముక్కు పని కళ్ళతో చేయిస్తున్నాడు. ఇంతవరకు గిట్టుబాటైంది.

సాయంత్రం దుకాణం యజమాని ఇంట్లో విందు. పెళ్ళై ముప్పయ్యేళ్ళయింది కనుక పెళ్ళయిన ఏటి ద్రాక్షపంట వైనే తెప్పించాడు. బల్ల చుట్టూ ఎనిమిది మంది స్నేహితులు. ముక్కుగారు పక్కబల్ల దగ్గర నిలబడ్డాడు. పాత బిరడాకు మెలికల మర గుచ్చితే పొడి అయిపోతుంది. అందుకని రెండు పల్చని రేకులున్న పనిముట్టును బిరడాకు అటూ ఇటూ దించి, తిప్పుతూ పైకి లాగాడు. సీసా మెడ వెనక కొవ్వొత్తి ఉంచి గాజుకూజాలోకి వంచాడు. మడ్డి నల్లటి దారంలా మెడలోకి రాగానే ఆపాడు. మూడు సీసాలు సాఫీగా వెళ్ళాయి. నాలుగోది కూడా కళ్ళకు బాగానే ఉంది. వాసన చూసినట్టు వంగి, తల ఊపి పోశాడు.

యజమాని భార్య, అమ్మగారు, ఒక గుక్క తాగి ఆగింది. “ఇదేంటండీ, తడిసిన అట్టపెట్టె వాసనొస్తోంది?”

“ముక్కుగారు తల ఊపాక నువ్వెవరివే చెప్పడానికి!” అన్నాడు యజమాని. అందరూ నవ్వారు.

“అట్ట కాదు చెల్లెమ్మా, అడవి నేల వాసన. పాతబడితే వచ్చే గొప్పతనం అది” అన్నాడు పళ్ళ డాక్టరు. మిగతావాళ్ళు ముక్కులు గ్లాసుల్లో దూర్చి అడవిని వెతికారు. అడవి అందరికీ దొరికింది.

“ఏమో, నాకే తెలియదేమో” అని అమ్మగారు గ్లాసు పక్కకు జరిపింది. ముఖం చిన్నబోయింది.

ముక్కుగారు చూశాడు. పళ్ళ డాక్టరు గ్లాసు రెండుసార్లు పెదవికి తగిలింది, వైను మాత్రం తగ్గలేదు. ఊరుకుంటే తనకు రెండేళ్ళు మిగులుతాయి. బల్ల దగ్గర సరైన ముక్కున్నది ఒక్కామెకే. కానీ ఆమె ఇక తన సొంత ముక్కునే నమ్మదు.

“అమ్మగారు చెప్పిందే నిజమండీ. ఈ సీసా చెడింది.”

“మరి బాగుందని తల ఊపారుగా?” అన్నాడు యజమాని.

“నాకు వాసన తెలియదండీ. జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి.”

యజమాని నవ్వబోయి ఆగాడు. “అంటే మూడు నెలలు! ఈ మూడు నెలల్లో నువ్వు సరేనన్న సరుకంతా…” ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన్ని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి.

ముక్కుగారు గ్లాసులన్నీ పోగుచేశాడు. చెడిన వైను వంటింటి తొట్టిలో ఒంపి, కూజా కడిగి తెచ్చాడు. ఐదో సీసా తీసి, మొదటి గ్లాసు అమ్మగారి ముందు పెట్టి నిలబడ్డాడు. ఆమె వాసన చూసి, ఆయన వంక చూసి, తల ఊపింది. ఆ తర్వాతే మిగతావాళ్ళకు పోశాడు. కోటు తొడుక్కుని వంటింటి తలుపు గుండా వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు.

పక్కబల్ల మీద రెండు రేకుల పనిముట్టు ఉండిపోయింది. బొటనవేలు ఆనేచోట దాని ఇత్తడి పిడి అరిగి గుంట పడింది, రేకుల మధ్య బిరడా ఇంకా తడిగానే ఉంది.