దాత దొరకని బేసిన్

నేను ఒక మరుగుదొడ్డి బేసిన్‌ని. అప్పుడే ముక్కు మూసుకున్నారా? తెల్లమట్టితో పుట్టి బట్టీలో కాలినదాన్ని. మా జాతివే అయిన టీ కప్పులను మీరు పెదాలకు ఆనించుకుంటారు, నన్ను చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. మీ మర్యాదలు అలాంటివి.

మొదట్లో కాకినాడలో ఒక శానిటరీ షాపులో ఉండేదాన్ని. షట్టరు దించాక ఆ మెట్ల మీదే నూకరత్నం పడుకునేది. పగలు జామపళ్ళు అమ్మేది. ఎండ మండిపోతున్నా గొంతు తడుపుకునేదే గాని కడుపునిండా నీళ్ళు తాగేది కాదు. తాగితే ఎక్కడికి వెళ్తుంది? చీకటి పడేదాకా ఓర్చుకోవాలి కదా.

ఇలాంటివాళ్ళకు శాశ్వతంగా ఇళ్ళు కట్టిద్దామని ఊళ్ళో పెద్దలు సంఘం పెట్టి చందాలకు బయలుదేరారు. ఆరిళ్ళు లేచాయి. తలుపులకు, కిటికీలకు, ఫ్యాన్లకు దాతలు నేనంటే నేనని ఎగబడ్డారు. వాటి మీద పేరు రాయించుకోవచ్చు మరి. నా వంతు వచ్చేసరికి అందరికీ ఇంట్లో పనులు గుర్తొచ్చాయి. చచ్చిపోయిన నాన్న పేరు దీని మీద రాయిస్తామా అని గొణిగారు. పోనీ గుప్తదానం చేయండన్నాడొకాయన. గుప్తదానాన్ని మించింది లేదని అందరూ తలలూపారు. చెయ్యి మాత్రం ఒక్కటీ లేవలేదు. చివరికి దొడ్డిగదిలో నా చోటు ఖాళీగా వదిలేసి గృహప్రవేశాలు చేయించేశారు.

నూకరత్నం ఇంటి ఫ్యాను సంఘం ప్రెసిడెంటు పడాల సత్తిరాజు గారిది. మూడు రెక్కల మీదా వాళ్ళ నాన్నగారి పేరే. తిరిగితే పేరు కనపడదని, చుట్టాలొచ్చినప్పుడు ఫ్యాను ఆపి ఉంచమని ఆమెకు మరీ మరీ చెప్పాడు. చెమటలు కారుతున్నా పేరు చదవాలన్నమాట!

సొంతిల్లు వచ్చినా చీకటి కోసం చూడక తప్పలేదు. నూకరత్నం కొన్నాళ్ళు ఓపిక పట్టింది. తర్వాత ఆ ఫ్యాను పాతసామాన్ల కొట్లో అమ్మేసి నన్ను తెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం సత్తిరాజు బావమరుదులను వెంటబెట్టుకుని నాన్నగారి పేరు చూపించడానికి వచ్చాడు. పైన ఉత్త కొక్కెం వేలాడుతోంది. సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"మా నాన్న పేరు అమ్ముకుని దీన్ని కొంటావా? రేపే ఇల్లు ఖాళీ చేయిస్తాను."

నూకరత్నం ముఖం పాలిపోయింది. మళ్ళీ ఆ షాపు మెట్లే గుర్తొచ్చి ఉంటాయి. అయినా తల దించలేదు.

"గాలికి రోడ్డు మీద కూడా లోటు లేదండి బాబూ. తలుపేసుకునే చోటే లేదు."

ఆయన ఇంకా ఏదో అనబోయి ఆగిపోయాడు. అసలే షుగరు మనిషి, దారిలో రెండు కొబ్బరిబోండాలు తాగి వచ్చాడు. చుట్టూ చూస్తే గుమ్మం గుమ్మానికీ ఆడవాళ్ళు. గొంతు తగ్గించి, దొడ్డిగది ఎటు అని అడిగాడు. నూకరత్నం నా తలుపు తీసి పక్కకు జరిగింది. పంచె సర్దుకుంటూ గడియ పెట్టుకున్న ఆ పెద్దమనిషిని నేను దగ్గరనుంచి చూశాను. దాత ముఖంలో అంత కృతజ్ఞత సన్మానసభల్లో మీకు కనపడదు.

బయటికొచ్చాక ఫ్యాను రిపేరుకెళ్ళిందట అని, అమ్మిన సంగతి అంతా విన్న బావమరుదులతోనే చెప్పాడు. ఇల్లు ఖాళీ మాట మళ్ళీ ఎత్తలేదు. మిగతా అయిదిళ్ళలో పేర్లు ఇంకా వేలాడుతున్నాయి, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మాత్రం నా తలుపు దగ్గరే వరస కడుతున్నారు.

ఆ మధ్యాహ్నం సత్తిరాజు, బావమరుదులు వీధి మలుపు తిరిగాక నూకరత్నం కుండలోంచి చెంబునిండా నీళ్ళు ముంచుకుంది. గుమ్మంలో కూర్చుని, పట్టపగలు, ఆఖరి చుక్కదాకా తాగింది.