ఫొటోలు తీసిన మనిషి

తెల్లారగానే వీధి చివర కట్టిన నైలాన్ వల పక్కన ఉల్దారికా కాసేపు నిలబడి వస్తుంది. పుట్టినప్పటినుంచీ ఆవిడ చుట్టూ దుప్పటంత పొగమంచు. వాన మొహం ఎరగని తొకోపియా ఊళ్లో అదెవరికి చేదు? వల తడుస్తుంది, కింద పెట్టిన బకెట్లు నిండుతాయి.

"కొంచెం ఇటు జరుగు ఉల్దారికా, నా టమాటా మొక్క చచ్చేలా ఉంది" అని ఎవరో అరుస్తారు. ఆవిడ జరుగుతుంది.

ఆ శనివారం మాత్రం వల దగ్గరికి వెళ్లలేదు. కూతురు నయాదెత్ పెళ్లి బజారుకి ఇకీకే పట్నానికి ప్రయాణం. పెళ్లికొడుకు వ్లాదిమీర్ ట్రక్కు నడుపుతున్నాడు. పక్కన వాళ్లమ్మ మిర్నా, ఆంతోఫగాస్తాలో బడి పంతులమ్మ. కిటికీ దగ్గర నయాదెత్. ఉల్దారికా వెనక తొట్టిలో, శాలువా కప్పుకుని. లోపల కూర్చుంటే అద్దం మసకబారుతుందని చెప్పింది కూతురు. అద్దం తుడిచే గుడ్డ బండిలోనే ఉంది. ఆ మాట ఎవరూ అనలేదు.

సుంకాల్లేని బజార్లో అరచేతిలో ఇమిడే వెండిరంగు కెమెరా కొన్నారు. పెళ్లికానుక, ఉల్దారికాది. "నువ్వు బయటే ఉండమ్మా, సరుకు చెమ్మ పడుతుంది" అన్నాడు కొట్టతను. ఆవిడ గుమ్మంలోంచే చెయ్యి చాపి డబ్బిచ్చింది. నయాదెత్ తలెత్తకుండా అందుకుంది.

సముద్రం వెంబడి తిరుగుదారిలో అందరూ చేసేదే వీళ్లూ చేశారు. అట్టపెట్టె పారేసి, ఆగినచోటల్లా ఫొటోలు. చెక్‌పోస్టులో సుంకం అడిగితే "పాతదే సార్" అనడానికి.

"మీ అమ్మ నిలబడితే అంతా తెల్లగా వస్తుంది కదూ? పోనీ ఆవిడే తీస్తే సరి" అంది మిర్నా.

"అవునవును. అమ్మా, నువ్వే తియ్యి."

ఉల్దారికా మురిసిపోయింది. శాలువా కొంగుతో కెమెరా అద్దం తుడిచి తుడిచి, "నవ్వండర్రా, ఆముదం తాగినట్టు ఏమిటా మొహాలు!" అంది.

చెక్‌పోస్టులో ఆఫీసరు ఒక్కో ఫొటో జరిపి చూశాడు.

"అన్నింట్లో మీ ముగ్గురే ఉన్నారు. తీసిందెవరు?"

మిర్నా నయాదెత్ వైపు చూసింది. చూసిందంతే. పీక మీద కత్తేమీ పెట్టలేదు.

"పనావిడ" అంది నయాదెత్. "మా ఇంట్లో పనిచేస్తుంది."

ఆఫీసరు తొట్టి వైపు తిరిగాడు. "అవునామ్మా?"

"అవును సారూ" అంది ఉల్దారికా. "ఈ పిల్ల పుట్టిన రోజునుంచీ చేస్తున్నాను."

పొగమంచు తొట్టిలోంచి లేచింది. కిటికీలోంచి లోపలికి దూరి నయాదెత్ చుట్టూ సర్దుకుంది. తొట్టిలో, ఎండలో, మొదటిసారి తేటగా ఒక మనిషి కూర్చుని ఉంది. ఫొటోల్లోని పెళ్లికూతురి నుదురు, అదే గడ్డం. ఆఫీసరు కెమెరా తెర వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, కెమెరా ఆవిడ చేతికే ఇచ్చి టోపీ తీశాడు.

"వ్లాదీ, నా కోటు తడిసిపోతోంది!" అంటూ మిర్నా బండి దిగింది. "రేపు పెళ్లి ఫొటోల్లో ఇది ఎలా పడుతుందిరా?"

వ్లాదిమీర్ స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంత చదువుకున్న తల్లి కొడుకైనా, ఎలాంటివాడో చెప్పడానికి ఆ చూపు చాలు.

నయాదెత్ తడుముకుంటూ దిగింది. చుట్టూ చల్లటి తెలుపు. తన చెయ్యి తనకే కనబడలేదు. ఇందులోంచే కదా అమ్మ ఇన్నేళ్లూ తనని చూసి నవ్వింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మంచు వాటిని చల్లార్చలేదు.

"అమ్మా" అంది, పెదవుల్లోనే.

ఇసకలో అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి.

"ఎవరిని పిలుస్తున్నావు?" అంది ఉల్దారికా.

"అమ్మా..."

"సముద్రం హోరులో వినపడ్డంలేదు. గట్టిగా పిలువు. ఆ సారుకి వినపడాలి, మీ అత్తగారికి వినపడాలి."

వెనక బారులు తీరిన బళ్లు ఇంజన్లు ఆపేశాయి. మంచు లోపల నయాదెత్ గొంతు సవరించుకుంది.